పుస్తకం ఉంది, పనిముట్టు లేదు

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని సామెత. విద్యార్థి మిత్రులారా, లినక్స్ కంప్యూటరు ముందు కూర్చునే వారికి ఈ సోమలింగం అప్పుడప్పుడూ ఎదురవుతూనే ఉంటాడు. ‘మ్యాన్ క్యూసబ్’ అని కొడితే వాడుక, ఆప్షన్లు, ముగింపు సంకేతాలతో సహా నిండుగా పేజీ వస్తుంది. సరే గదా అని ‘క్యూసబ్’ కొడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’! మన మండపేట కుర్రవాడు స్పెల్లింగు తప్పిందేమోనని నాలుగుసార్లు కొడతాడు. ఆ పైన కంప్యూటరు పాడైందంటాడు. లేకపోతే తనకీ చదువు అబ్బదనుకుంటాడు. నా బాధల్లా ఆ చివరిదేనండీ.

1971 నవంబరులో బెల్ లేబొరేటరీస్‌లో థాంప్సన్, రిచీలు తెచ్చిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లో ఈ చిక్కు లేదు. యంత్రమూ వాళ్లదే, పుస్తకమూ వాళ్లదే. తమ ప్రోగ్రాముల లోపాలను కూడా ‘బగ్స్’ అనే శీర్షిక కింద అచ్చువేసుకున్న నిజాయితీపరులు! తర్వాత యూనిక్సులు నానా రకాలయ్యాయి. వాటిని ఒక దారికి తేవడానికి 1988లో పాజిక్స్ అనే ప్రమాణం వచ్చింది. ప్రమాణమంటే ఇంటి ప్లానులాంటిది. ఇల్లు కట్టారో లేదో ప్లాను చెప్పదు. పెద్ద యంత్రాలకు పనులను వరుసలో అప్పగించే క్యూసబ్ కూడా 2024 వరకు ఆ ప్లానులో ఉన్నదే. డెబియన్‌లో ‘మ్యాన్‌పేజెస్-పాజిక్స్’ అనే ప్యాకేజీ ఎక్కిస్తే వచ్చేవి ఈ ప్లాను కాగితాలే. కమాండు వేరే ప్యాకేజీతో రావాలి. లాబులో ఎవరో ఒకరు ఎప్పుడో ఎక్కించి పోతారు, తర్వాత వచ్చినవాళ్లు తల పట్టుకుంటారు.

పేజీ అబద్ధమాడుతోందనలేం. ఇది లినక్స్‌లో ఉండకపోవచ్చునని మొదటి పేరాలోనే ఒప్పుకుంటుంది. తలకట్టులో పాజిక్స్ అనే పేరూ ఉంటుంది. కానీ పీఠిక చదివేదెవరు? అందరి చూపూ తిన్నగా వాడుక మీదికే పోతుంది. పుస్తకాన్ని, పనిముట్టును విడిగా ఇవ్వడం తప్పని నేననను. ఎక్కించకముందే చదువుకోవచ్చు, అదీ లాభమే. అయితే ‘ఈ కమాండు ఈ యంత్రంలో లేదు’ అన్న ఒక్క వాక్యం ‘మ్యాన్’ తానే పైన చూపిస్తే దాని సొమ్మేం పోయింది?

అది జరిగేలోగా ‘టైప్ క్యూసబ్’ అని కొట్టి చూడటం మొదటి వారంలోనే నేర్పాలి. కమాండు ఉంటే ఎక్కడుందో చెబుతుంది, లేకపోతే లేదంటుంది. రికార్డుల సంగతి మరీ ఘోరం. మాన్యువల్ చూసి అందంగా ఎక్కించిన కమాండుకు, అది నడిచిందో లేదో చూడకుండానే, సంతకం పడిపోతుంది! ఈ ఏడాది నుంచి ప్రతి కమాండు కింద తెర మీద వచ్చిన ఫలితం కూడా రాయించవలసిందిగా అధ్యాపకులను కోరుతున్నాను.