కచిడి ఎంత పలికింది?

ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. ఒడ్డున బంగారు మెరుపుతో పెద్ద చేప, చుట్టూ ఫోన్లు, పైన "ఒక్క చేపతో దశ తిరిగింది!" అని క్యాప్షన్. అదే కచిడి. గుజరాత్‌లో ఘోల్ అంటారు, 2023 నవంబర్‌లో దాన్ని ఆ రాష్ట్ర చేపగా ప్రకటించారు కూడా. 2021లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర 157 కచిడీలు పడితే 1.33 కోట్లు పలికాయని వార్తలొచ్చాయి.

ఇంత హడావిడి కదా, మా కోటబొమ్మాళిలో దొరుకుతుందేమోనని చేపలమ్మే పిన్నిని అడిగాను. నవ్వేసింది. "అది మన కాడికెందుకొత్తాది బావూ? ఒడ్డునే పాట ఎట్టీసి అట్టుకుపోతారు. కవళ్లున్నాయి, ఎయ్యమంటావా?"

నిజమే. ఆ రేటు కూరకి కాదు, పొట్టలో ఉండే గాలితిత్తికి. ఎండబెట్టి హాంకాంగ్, చైనా పంపితే అక్కడ ఖరీదైన సూప్ అవుతుంది. బీరు, వైన్ తేటపరచడానికీ చేపల తిత్తులు వాడేవారు.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంది. కచిడిది క్రోకర్ల కుటుంబం. గాలితిత్తిని పక్క కండరాలతో డోలులా మోగించి గుర్రుమంటాయి కాబట్టి ఆ పేరు. బురదనీళ్లలో కళ్లు కనపడవు, జంటను పిలవాలంటే గొంతే దిక్కు. అంటే మనం వేలంలో కొంటున్నది దాని గొంతుని!

చిన్నప్పుడు నది మొగల్లో, తీరం దగ్గర పెరుగుతుంది. రొయ్యల్నీ పీతల్నీ చిన్న చేపల్నీ వేటాడి మీటరుకి పైగా సాగుతుంది. పెద్దయ్యాక గుంపులు కడుతుంది. గుంపు వలలో పడిందంటే మనకి జాక్‌పాట్. సముద్రానికి మాత్రం రేపటి పిల్లలు పోయినట్టే.

అతిగా చెప్తున్నానా? మెక్సికోలో టొటోబా అనే క్రోకర్ ఉంది. దాని వేటని 1975లోనే నిషేధించారు. అయినా తిత్తి కోసం దొంగచాటుగా వలలు వేస్తూనే ఉన్నారు. ఆ వలల్లో చిక్కి వాకీటా అనే బుల్లి సముద్ర జీవి వేళ్లమీద లెక్కపెట్టేన్నే మిగిలింది. చైనా తీరంలోని బహాబా అనే క్రోకర్‌దీ అంతరించిపోయే స్థితే.

అలాగని మత్స్యకారుణ్ణి తప్పుపట్టను. 'తండేల్' చూశారుగా? మన సిక్కోలు కుర్రాళ్లు వేరావల్ దాకా వెళ్లి వేరేవాళ్ల బోట్ల మీద జీతానికి పనిచేస్తారు. 2018లో అక్కణ్ణుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కినవాళ్లు 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ఘోల్ గుజరాత్ రాష్ట్ర చేపే గానీ, ఆ వల లాగే చేతుల్లో మనవీ ఉన్నాయి. జీతానికెళ్లినవాడి వలలో కచిడి పడితే దశ తిరిగేది ఎవరికి? బోటు ఓనరుకి. రీల్‌లో మాత్రం వల లాగినవాడే లక్షాధికారి.

కాబట్టి ఈసారి కచిడి వీడియో వస్తే 'ఎంత పలికింది' అని మాత్రమే అడక్కండి. పోయినేడాది ఇదే రేవులో ఎన్ని పడ్డాయి? పాట డబ్బుల్లో వల లాగినవాడి వాటా ఎంత? ఈ రెండూ కామెంట్‌లో అడగండి. లైకులు తక్కువే రావచ్చు. కానీ రేటు ఏటా పెరుగుతూ చేపలు ఏటా తగ్గుతుంటే, అది అదృష్టం కథ కాదు, ఆఖరి మాట.