ఆ గడిలో 0.2 అని రాసింది నేనే



ఈ పేజీలో మనం ఎక్కువగా ఎదుటివాళ్ళ తప్పుల గురించి రాస్తాం. రాయాలి కూడా. ఈసారి మాత్రం నా తప్పుతో మొదలుపెడతాను. అది దాచిపెట్టి తాగునీళ్ళ ఇన్‌స్పెక్టర్ గురించి మాట్లాడితే నా మాట నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

నేను కెమిస్ట్రీతో బీఎస్సీ చేశాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఊరొచ్చి కూర్చున్న రోజుల్లో, జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పిస్తున్నారంటే వెళ్ళాను. ఒక పూట ట్రైనింగ్. ఉప్మా, టీ, గ్రూప్ ఫోటో. చేతికో కిట్టు పెట్టారు. చిన్న సీసాల్లో మందులు, రంగుల చార్టు, గాజు గొట్టాలు. నీళ్ళు పోసి రెండు చుక్కలేస్తే రంగు మారుతుంది, ఆ రంగుని చార్టుతో పోల్చి అంకె రాయాలి. పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఐరన్, క్లోరిన్. కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చి నాకు భలే సంబరమేసింది. మా పెద్దమ్మ అయితే పసుపు రంగు తేలిన గొట్టం చూసి "సోడా బుడ్డిలా ఉందే" అంది.

కొన్నాళ్ళకి క్లోరిన్ మందు అయిపోయింది. అడిగితే వస్తుందన్నారు. రాలేదు. రిజిస్టర్‌లో గడి మాత్రం ఉంది. ఖాళీగా పంపితే వెనక్కొస్తుంది, "ఏమ్మా, పూర్తిగా నింపడం రాదా" అంటారు. కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని నాకు తెలుసు. అందుకే 0.2 అని రాశాను. పరీక్ష చెయ్యలేదు. ఆ నెల ట్యాంకులో బ్లీచింగ్ కూడా వెయ్యలేదు, బస్తా వానకి తడిసి గడ్డకట్టింది. అది కూడా నాకు తెలుసు.

ఆషాఢం వానల్లో మా ఊళ్ళో వాంతులు విరేచనాలు మొదలయ్యాయి. వరసగా నాలుగిళ్ళల్లో పడిపోయారు. మా పెదనాన్న చిన్న కొడుకుని డోలీలో రోడ్డు దాకా మోశాం. ఆస్పత్రిలో సెలైన్ పెట్టి బతికించారు. ఊరికొచ్చిన వైద్య సిబ్బంది అడిగిన మొదటి ప్రశ్న నీళ్ళ గురించే. రిజిస్టర్ తీశారు. 0.2 అని ఉంది. "నీళ్ళు బాగానే ఉన్నాయి కదా. పాచి మాంసం ఏదో తినుంటారు" అన్నారు.

చూశారా? నేను రాసిన అంకె నా వాళ్ళ మీదికే సాక్ష్యంగా వెళ్ళింది. వాళ్ళ తిండే తప్పయిపోయింది. ఆ రోజు నోరు తెరిచి నిజం చెప్పలేకపోయాను. రెండు రోజులయ్యాక, కిట్టుతో పాటిచ్చిన హెచ్‌టూఎస్ సీసాలో కుళాయి నీళ్ళు పట్టి పొయ్యి పక్కన పెట్టాను. మలం కలిసిన నీళ్ళయితే ఆ సీసా ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. మర్నాడు పొద్దున్నకే కాటుకలా అయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నేను తప్పుడు అంకె రాస్తే పట్టుకోవాల్సింది ఎవరు? నా పైన ఎవరున్నారు?

నేను తిరిగి తెలుసుకున్నది చెప్తాను. ట్యాంకు కట్టేది గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీర్లు. కట్టాక పంచాయతీకి అప్పగిస్తారు. బ్లీచింగ్ వెయ్యాల్సింది పంచాయతీ. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, ఆయనకి ఇంకో ఇరవై పనులు. జబ్బులొస్తే ఏఎన్ఎం, ఆశ వస్తారు. నీళ్ళని ల్యాబ్‌లో పరీక్షించేది మళ్ళీ ఆ సరఫరా విభాగమే. అంటే వంట చేసినవాళ్ళే రుచి చూసి బాగుందని రాసుకుంటున్నారు. ఇంతమందిలో ఏ ఒక్కరికీ "ఈ కుళాయి మూసెయ్యండి, రేపటికల్లా వేరే నీళ్ళు పంపండి, లేదంటే కేసు" అనే అధికారం లేదు.

ఇంకో సంగతి వింటే ఒళ్ళు మండుతుంది. మన దేశంలో తాగునీటికి ప్రమాణం ఉంది, ఐఎస్ 10500 అంటారు, 2012లో సవరించినది. అందులో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5 వరకు అని ఉంది. నైట్రేట్ 45 దాటకూడదు. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఈ.కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు. బాగానే ఉంది. జల్ జీవన్ మిషన్ కూడా ఇదే ప్రమాణం పాటించాలంటుంది. కానీ కుళాయి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ పాటించకపోతే శిక్షించే చట్టం లేదు. అదే సంతలో అమ్మే బాటిల్ నీళ్ళు 2006 ఆహార భద్రత చట్టం కిందికి వస్తాయి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వచ్చి శాంపిల్ తియ్యొచ్చు, కేసు పెట్టొచ్చు. డబ్బిచ్చి కొనుక్కునే నీళ్ళకి ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. కొండవాలు నుంచి పైపులో దిగే మన ఊట నీళ్ళకి లేడు. కాలుష్య నియంత్రణ మండలి ఉంది కదా అంటారేమో, వాళ్ళు చూసేది నదుల్లో, చెరువుల్లో కలిసే వ్యర్థాలని. మన బిందెలో ఏముందో వాళ్ళ పని కాదు.

స్వచ్ఛమైన నీళ్ళు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. హక్కు ఉంది, దాన్ని ఊరికొచ్చి కొలిచే మనిషి లేడు.

దొంగ అంకె రాస్తే ఏమవుతుందో నేను ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అని 5 వేల జనాభా ఉన్న చిన్న ఊరు. 2000 మే నెలలో భారీ వాన కురిసి, పశువుల పేడ ఊరి బావిలోకి దిగింది. ఈ.కోలి వచ్చింది. నీళ్ళు చూసుకునే సిబ్బంది అప్పటికి ఏళ్ళ తరబడి క్లోరిన్ కొలవకుండానే రిజిస్టర్‌లో 0.5, 0.75 అని రాస్తున్నారు. నాలాగే. ల్యాబ్ రిపోర్టు చెడ్డగా వచ్చినా సిబ్బందికి పంపింది తప్ప ఆరోగ్య అధికారులకి చెప్పలేదు, చెప్పాలన్న నిబంధన లేదు. 7 మంది చనిపోయారు. 2,300 మంది దాకా జబ్బుపడ్డారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడ న్యాయ విచారణ జరిగింది. 2002లో సురక్షిత తాగునీటి చట్టం వచ్చింది, రాష్ట్రమంతటికీ ఒక ముఖ్య తాగునీటి ఇన్‌స్పెక్టర్ వచ్చారు, నీళ్ళ ప్లాంటు నడిపేవాళ్ళకి లైసెన్సు తప్పనిసరైంది. బాగుంది కదా? ఆగండి. అదే ఒంటారియోలో ఉత్తరాన నెస్కంటాగా అనే ఆదివాసీ సమాజం ఉంది. 1995 నుంచి అక్కడ "నీళ్ళు కాచుకునే తాగండి" అనే హెచ్చరిక నడుస్తూనే వచ్చింది. వాకర్టన్ తర్వాత వచ్చిన చట్టం వాళ్ళ దాకా పోలేదు, ఎందుకంటే ఆదివాసీ రిజర్వులు కేంద్రం పరిధి అట. అక్కడి ఆదివాసులు కోర్టుకెళ్ళి కొట్లాడితే 2021లో 800 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మనవాళ్ళ కథ ఎక్కడైనా ఇంతే అని నిట్టూర్చడానికి ఇది చెప్పట్లేదు. రేపు మన దగ్గర ఇన్‌స్పెక్టర్ వ్యవస్థ వచ్చినా అది ఘాట్ రోడ్డు కింద ఆగిపోవచ్చు, ఇప్పటి నుంచే కాళ్ళకి అడ్డం పడాలి అని చెప్తున్నా.

ఆగిపోతుందని ఎందుకు అంటున్నానంటే, పని అలాంటిది. బాక్టీరియా పరీక్షకి నీళ్ళు పట్టాలంటే కుళాయి మూతిని మంటతో కాల్చి, శుద్ధి చేసిన సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, వీలైతే 6 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. మా ఊరి నుంచి రోడ్డుకి రావడానికే సగం పూట. ఐస్ ఎక్కడ దొరుకుతుంది? సంతలో ఐస్‌ఫ్రూట్ బండి దగ్గర. రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి, బాక్టీరియా పరీక్ష వానలకి ముందోసారి, తర్వాతోసారి చెయ్యాలని మిషన్ మార్గదర్శకాల్లో ఉంది. మైదానంలో బండి మీద తిరిగి చేసెయ్యొచ్చు. ఇక్కడ ఒక్కో గూడేనికి ఒక్కో రోజు నడక. నడవని మనిషి ఏం చేస్తాడు? నేను చేసిందే చేస్తాడు.

మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళ అభ్యంతరం ఒకటుంది. "తాతల నాటి నుంచి ఊట నీళ్ళే తాగుతున్నాం, ఏమైంది?" అంటారు. వాళ్ళని కొట్టిపారెయ్యకండి. ఊట పైన పశువుల్ని కట్టకూడదు, చెప్పులేసుకుని దిగకూడదు, ఎండాకాలం చివర అందరూ కలిసి పూడిక తియ్యాలి అనే కట్టుబాటు వాళ్ళది. అదీ తనిఖీయే. ఇప్పుడు పైపు వచ్చాక ఊట దగ్గరికి ఎవరూ వెళ్ళట్లేదు. ఫిల్టరు ఇసక ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. కుళాయిలో వస్తే మంచి నీళ్ళే అని నమ్మేశాం. పైగా తాతల కాలంలో ఎంతమంది పసిపిల్లలు విరేచనాలతో పోయారో ఎవరు లెక్క రాశారు? మా అవ్వ కన్నది ఏడుగురిని. మిగిలింది ముగ్గురు.

మన కుర్రాళ్ళ అభ్యంతరం వేరే. "ఇంకో ఇన్‌స్పెక్టరా? ఉన్నవాళ్ళు చాలరా?" నిజమే. ఏజెన్సీలో ఆ మాట వింటే గుర్తొచ్చేది పోలీసు, ఎక్సైజు. వచ్చి కోడిని పట్టుకెళ్ళే మనిషి. అలాంటివాడే ఇంకొకడు జీపులో వచ్చి, ఊటకి తాళమేసి, "మీరే పాడుచేశారు" అని మన మీదే కేసు రాస్తే? ఈ భయం నాకూ ఉంది. అందుకే పోస్టు కంటే ముందు ఆ మనిషి ఎవరికి జవాబు చెప్పాలన్నది తేల్చుకోవాలంటున్నా.

నా అభిప్రాయం ఇది. ట్యాంకు కట్టే విభాగం కింద ఆ ఇన్‌స్పెక్టర్ ఉండకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1990 నుంచి నీళ్ళమ్మే కంపెనీలతో సంబంధం లేని తాగునీటి తనిఖీ సంస్థ ఉంది, అలా విడిగా ఉండాలి. చెడ్డ రిపోర్టు వస్తే అదే రోజు పీహెచ్‌సీకి, గ్రామసభకి చెప్పడం తప్పనిసరి కావాలి. కుళాయి మూయించే అధికారం ఉండాలి, మూసిన రోజే వేరే నీళ్ళు పంపించే బాధ్యత కూడా ఉండాలి. రెండోది లేకుండా మొదటిది ఇస్తే జనం మళ్ళీ గెడ్డకే పోతారు. ఇక ఆ మనిషికి కువీయో, ఆదివాసీ ఒడియానో, ఆ ప్రాంతంలో మాట్లాడే భాష వచ్చి తీరాలి. జీవో 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేశాక నూటికి నూరు పోస్టులు మనకే అనడం కష్టమని నాకు తెలుసు. కానీ భాష, కొండలెక్కే పని అర్హతగా పెడితే ఎవరు కాదంటారు? కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివి హైదరాబాద్‌లో డెలివరీ బ్యాగులు మోస్తున్న మనవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 1996 పెసా చట్టం ప్రకారం పంచాయతీ చేసిన పనుల ఖర్చుకి వినియోగ ధ్రువపత్రం ఇవ్వాల్సింది గ్రామసభ. ఆ సంతకం మన చేతిలో ఉంది. నీళ్ళ పనికి సంతకం అడిగినప్పుడు ల్యాబ్ రిపోర్టు ఏదని అడగండి. జిల్లా ల్యాబుల్లో మామూలు జనం కూడా కొద్ది రుసుము కట్టి నీళ్ళు పరీక్ష చేయించుకోవచ్చు, ఈ సంగతి మా ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. బ్లీచింగ్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే చాలా ఊళ్ళల్లో గుప్పెడు తీసి నేరుగా ట్యాంకులో విసిరేస్తున్నారు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు, పదివేల లీటర్ల ట్యాంకుకి 25 గ్రాములు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం పొయ్యాలి. గంట ఆగి వదలాలి. బస్తా మూతి విప్పి వదిలేస్తే అందులో పస ఉండదు.

నా సంగతికి వస్తే, ఈ ఏడాది గ్రామసభలో లేచి ఆ 0.2 గురించి చెప్పాను. మా పెదనాన్న ఏమీ అనలేదు, బయటికెళ్ళి చుట్ట కాల్చుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మా వదిన మాత్రం "మందు లేకపోతే లేదని రాయాలి కదమ్మీ" అంది. అంత చిన్న మాట నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఇప్పుడు రిజిస్టర్‌తో పాటు ట్యాంకు గోడ మీద కూడా రాస్తున్నాం, బొగ్గుతో, అందరికీ కనబడేలా. తేదీ, సీసా రంగు, క్లోరిన్. చదువు రానివాళ్ళ కోసం సీసా నల్లబడితే నల్ల చుక్క. పోయిన ఆదివారం రాసింది ఇది: సీసా తెలుపు. క్లోరిన్ తెలీదు, మందు ఇంకా రాలేదు.