సైబీరియా గోల ఇక చాలించండి

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో ‘కొల్లేటికి కొత్త కళ’ అని రెండు పేజీలు వేశారు. ఫోటోలు బాగున్నాయి, కాదనను. కానీ మొదటి వాక్యంలోనే ‘సైబీరియా నుంచి వేల మైళ్లు దాటి వచ్చిన పెలికాన్ అతిథులు’ అన్నారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. నిరుడూ ఇదే రాశారు, ముందటేడూ ఇదే.

అయ్యా, కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద కాపురం పెట్టిన మీ పెలికాన్లు మన గూడబాతులు. వాటికి సైబీరియా ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. భారతదేశం, శ్రీలంక, కాంబోడియా, ఇదీ వాటి లోకం. చలికి తాళలేక ఉత్తర దేశాల నుంచి వచ్చే సూదితోక బాతు ఇక్కడ తిని, ఎండలు ముదరకముందే వెళ్లిపోయి తన చోట గుడ్లు పెడుతుంది. ఇక్కడే పుల్లలేరుకుని, ఇక్కడే గుడ్లు పొదిగి, పిల్లల్ని సాకే పక్షి చుట్టపుచూపుగా వచ్చినట్టా? మా ఆరేడు గ్రామంలో వీటి గూళ్లు పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ చూసింది 1946లో. ఇవే పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం ఊరివాళ్లు నయం, వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు.

నాకింత ఉక్రోషం ఎందుకో చెబుతాను. నిరుడు సంక్రాంతికి మా మనవరాలిని ఆటపాక తీసుకెళ్లాను. గట్టు మీద గంటన్నర నిలబడ్డాం. ఒక గూడబాతు పిల్ల తల్లి నోట్లో మెడదాకా తల దూర్చేసింది. ‘తాతయ్యా, మింగేస్తోంది!’ అని నా చెయ్యి పట్టుకుంది. మింగడం కాదమ్మా, తల్లి గొంతులోంచి చేప తీసుకుంటోంది అన్నాను. ముక్కు కింద వేలాడే సంచి చూపించి, మా చిన్నప్పుడు ఇద్దరు మనుషులు చెరోపక్క తాళ్లు పట్టుకుని గూడ వేసి పొలానికి నీళ్లు తోడేవాళ్లని, ఆ పోలికతోనే ఈ పేరు వచ్చిందని మా నాన్న అనేవాడని చెప్పాను.

తర్వాత బడి పరీక్షలో ప్రశ్న: ‘కొల్లేటికి పెలికాన్లు ఎక్కడి నుంచి వస్తాయి?’ పిల్ల ‘ఎక్కడి నుంచీ రావు, ఇక్కడివే’ అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశారు. అడగడానికి వెళితే టీచరుగారు బీరువాలోంచి మీ పేపరు కత్తిరింపే తీసి నా ముందు పెట్టారు. ‘పేపర్లోనే వేశారు కదండీ!’ ముప్పై ఏళ్లుగా మీ చందాదారుణ్ణి. ఇంకేం మాట్లాడను?

ఇక రెండో పేజీ. ఊదారంగు పూల ఫోటో కింద ‘ప్రకృతి పరచిన పచ్చ తివాచీ’ అని రాశారు. అది గుర్రపుడెక్కండీ! దక్షిణ అమెరికా నుంచి దిగుమతై మన కాలువల పీక నొక్కుతున్న కలుపు. దోనె వేసుకుని చేపకెళ్లే ఏ వడ్డీ కులస్థుణ్ణి అడిగినా దాని తివాచీతనం గురించి తిట్లతో సహా చెబుతాడు. ఇక్కడ పుట్టిన పక్షిని విదేశీ చేశారు, పరాయి కలుపుకి ఇంటి తివాచీ హోదా ఇచ్చారు. మీ విలేకరి పాస్‌పోర్టు ఆఫీసులో పనిచెయ్యకపోవడం మన అదృష్టం.

అన్నట్టు, ఆ ‘కొత్త కళ’ ఏపాటిదో కూడా రాయాల్సింది. కొల్లేటిని అయిదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమని 1999లో ప్రకటించారు. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆ తర్వాత మళ్లీ ఎన్ని గట్లు లేచాయో, ఉప్పుటేట్లోకి నీరెలా లాగుతోందో రెండు పేజీల్లో రెండు ముక్కలు లేవు. అదృష్టం కొద్దీ పకోడీల బండి చిరునామా మాత్రం ఉంది.

గూడబాతుల మీద సవరణ వేయండి. ఏ మూల వేసినా పరవాలేదు, ‘సైబీరియా కాదు’ అన్న మాట మాత్రం కనబడాలి. కత్తిరించి టీచరుగారి దగ్గరికి పట్టుకెళతాను. మా పిల్లకి ఇంకా ఒక మార్కు రావాలి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
ఉండి మండలం, పశ్చిమగోదావరి జిల్లా