బాబాయి రక్తంలో ఏముంది?

తమ్ముళ్ళకు,

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన వార్డెన్ గారు అడిగితే కవిత రాద్దామని కూర్చున్నాను. కలంలోకి మా బాబాయి వచ్చాడు. మంగినపూడిలో అందరికీ తెలిసిందే కాబట్టి దాచేదేమీ లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళే మా బాబాయి వరసగా ఐదు రాత్రులు నిద్రపోలేదు. పేటలో అందరికీ మేడలు కట్టిస్తానన్నాడు. అప్పు చేసి మరీ పిల్లలందరికీ చెప్పులు కొన్నాడు. అడ్డొచ్చిన మా నాన్న మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ తర్వాత మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. జబ్బు పేరు బైపోలార్ డిజార్డర్ అని తెలియడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాక లైబ్రరీలో నేను మొదట వెతికింది ఈ జబ్బు గురించే. కోవిడ్ రోజుల్లో ఊరూరా వినిపించిన సీఆర్పీ పరీక్ష గుర్తుందా? ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది. బైపోలార్ ఉన్నవాళ్ళలో అది కొంచెం ఎక్కువగా ఉంటుందనీ, ఉద్రేకం పెరిగిన మేనియా దశలో ఇంకా పెరుగుతుందనీ, చికిత్స తర్వాత తగ్గుతుందనీ 27 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాటి మీదా ఇలాంటి పరిశోధనలే ఉన్నాయి. ఇది దోమల వల్ల వచ్చే మెదడువాపు వ్యాధి కాదు, కంటికి కనిపించని సన్నని సెగ లాంటిది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంగారు పడకండి, ఒక్క రాత్రే! బాబాయిది పొగరు కాదు, దెయ్యమూ కాదు, ఒంటికి వచ్చిన జబ్బేనని నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

అయితే అక్కడే ఆగిపోతే తప్పు. సీఆర్పీ జలుబుకీ పెరుగుతుంది, పంటి చీముకీ పెరుగుతుంది. దాన్ని చూసి ఎవరికీ బైపోలార్ ఉందనీ లేదనీ చెప్పలేం. పోనీ ఆ సెగ తగ్గిస్తే జబ్బు తగ్గుతుందా? పాకిస్తాన్‌లో 266 మంది బైపోలార్ రోగులకు కుంగుబాటు దశలో సెలికాక్సిబ్ అనే నొప్పుల మందునీ, మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌నీ ఇచ్చి చూశారు. ప్రయోజనం కనబడలేదని 2020లో ప్రకటించారు.

నొప్పుల మందు అన్నాను కదా, నా అసలు బాధ దాని దగ్గరే ఉంది. బాబాయి వాడేది లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఈ జబ్బుకి పనికొస్తుందని చూపించిన లవణం. ఇది లీటరు రక్తంలో సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషంగా మారుతుంది. చెమట పట్టి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినా పెరుగుతుంది, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకున్నా పెరుగుతుంది. నిరుడు మే నెలలో చెరువు గట్టు మీద ఎండలో పనిచేస్తూ మోకాలి నొప్పికి కొట్లో కొన్న మాత్రలు వారం పాటు మింగాడు. చేతులు వణికాయి, వాంతులయ్యాయి, అడుగు తడబడింది. మొదట తీసుకెళ్ళిన చోట తాగొచ్చాడన్నారు. ఆ పరీక్ష తమ దగ్గర లేదన్నారు. బెజవాడ చేరేసరికి స్పృహ సగం లేదు. ప్రాణం దక్కింది.

మెదడులో సెగని కొలిచే పరిశోధన జరగాలి, నాకు అవకాశమొస్తే నేనూ చేస్తాను. కానీ మా బాబాయికి ఇవాళ కావలసిన రక్తపరీక్ష అది కాదు, లిథియం పరీక్ష. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక జబ్బుల మందులు ఉచితంగా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. లిథియం ఆ జాబితాలో ఉంది. కొలవకుండా ఇస్తే అది సగం వైద్యమే. మాత్ర దొరికే ప్రతి ఆస్పత్రిలోనూ పరీక్ష దొరకాలని మనం అడగాలి. చెప్పులు అరిగేదాకా అడగాలి.

మీకో మాట. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది మీ వయసులోనే. పక్క మంచం వాడు నాలుగు రోజులుగా నిద్రలేకుండా హుషారుగా ఉంటే నవ్వుకోకండి, వార్డెన్ గారికి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

బాబాయి మళ్ళీ పనికి వెళ్తున్నాడు. కుండతో నీళ్ళు తీసుకెళ్తున్నాడు. వచ్చే నెల పరీక్ష తేదీని క్యాలెండరు మీద తనే చుట్టి పెట్టుకున్నాడు. బెజవాడ బస్సు ఛార్జీలు పిన్ని పోపుల డబ్బాలో దాచింది.