ఉద్యోగ పరీక్షయా? కంఠపాఠ పరీక్షయా?

వడ్రంగిని కుదుర్చుకొనువాడు చేతికి కొయ్యనిచ్చి పనితనము చూచును. వంటవానిని కుదుర్చుకొనువాడు వండించి రుచి చూచును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి యెడ మాత్రము ఈ లోకధర్మము తలక్రిందులైనది. హైదరాబాదున నేమి, బెంగుళూరున నేమి, అమెరికాలో నేమి, పెక్కు సంస్థలు అభ్యర్థిని తెల్లబల్లయొద్ద నిలువబెట్టి, పరీక్షకుడు రెప్పవాల్చక చూచుచుండగా, గంటలోపల నొక చిక్కులెక్కను విప్పుమనుచున్నవి. ఉద్యోగమున చేరిన పిమ్మట అట్టి లెక్క వానికెన్నడును తటస్థింపకపోవచ్చును.

మాకింటాష్ యంత్రములపై ప్రోగ్రాములు వ్రాయువారు విరివిగా వాడు 'హోంబ్రూ' అను సాధనమును నిర్మించినవాడు మాక్స్ హోవెల్. గూగులు సంస్థలోని ఇంజనీర్లలో నూటికి తొంబదిమంది తన సాధనమునే వాడుచున్నను, తెల్లబల్లపై 'బైనరీ ట్రీ'ని తిరుగవేయలేదని ఆ సంస్థ తన్ను త్రోసిపుచ్చినదని ఆయన 2015లో బహిరంగముగా చెప్పుకొనెను. ఇది యొక పక్షమువారి మాట. ఏకపక్ష వాఙ్మూలముపై తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము గాదు. కావున సాక్ష్యమును పరిశీలింతము.

2020లో అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారును, మైక్రోసాఫ్టు పరిశోధకులును కలిసి 48 మంది విద్యార్థులను పరీక్షించిరి. కొందరు పరీక్షకుని యెదుట బిగ్గరగా ఆలోచించుచు లెక్కచేసిరి. తక్కినవారు ఏకాంతమున చేసిరి. ఒకరు చూచుచుండుటచేతనే అభ్యర్థుల సామర్థ్యము సగమునకు మించి తగ్గినట్లు తేలినది. స్త్రీల సంఖ్య స్వల్పమేకాని, ఏకాంతమున పరీక్షింపబడిన స్త్రీలందరును నెగ్గిరి. పరీక్షకుని యెదుట నిలిచినవారిలో ఒక్కరును నెగ్గలేదు! ఈ పరీక్ష కొలుచునది విద్యనా, జంకునా?

దీని ఫలమేమి? ప్రశ్నలను వల్లెవేయించుట యొక వర్తకమైనది. మాసములకొలది తీరికగలవాడు నెగ్గును. పగలెల్ల పనిచేసి రాత్రి పసిబిడ్డలను లాలించువాడు వెనుకబడును. కొన్నిచోట్ల ఇంటివద్ద చేసితెమ్మని దినములకొలది పనిని ఉచితముగా చేయించుకొందురు. నాలుగైదు విడతల పిమ్మట సమాధానమే రాదు. కొడుకు చదువునకై అప్పుచేసిన తండ్రి ప్రతిదినమును "ఏమైనదిరా?" యని యడుగును. వాడేమని చెప్పగలడు?

దరఖాస్తులు వేలకొలది వచ్చుచున్నవి, జల్లెడ పట్టక తప్పదని యజమానులందురు. నిజమే. జల్లెడ వలదని మేము చెప్పుటలేదు. బియ్యమును జారవిడిచి రాళ్లను నిలుపు జల్లెడ వలదనుచున్నాము. అభ్యర్థులందరికిని ఒకే ప్రశ్నలను, ఒకే కొలతను ఉంచవలెను. ఉద్యోగములో చేయవలసిన పనినే కొంత చేయించి చూడవలెను. విడతలెన్నియో ముందుగా తెలుపవలెను. దీర్ఘమైన పనికి ప్రతిఫలమీయవలెను. నిర్ణీత దినములలో, కారణముతో కూడిన ప్రత్యుత్తరమీయవలెను. వీనిలో ఏదియు ధనవంతములైన సంస్థలకు మోయరాని భారము గాదు.

యువకులకు మా మనవి యొక్కటియే. ఆ తెల్లబల్లయొద్ద తడబడుట మీ విద్యకు తుదితీర్పు గాదు. శిక్షపడిన ముద్దాయికైనను న్యాయస్థానము కారణములు వ్రాసి తీర్పునిచ్చును. పైకోర్టునకు పోవు దారియు చూపును. ఏ నేరమునుచేయక పనినడిగినవానికి ఆపాటి మర్యాదయైనను దక్కవలదా?