రాసింది ముందు అమ్మకు చదివి వినిపించండి



మనవాళ్లు ఈ మధ్య బాగా రాస్తున్నారు, సంతోషం. కానీ ఒక మాట చెప్పాలనిపించింది. రాత్రి పదింటికి మొదలుపెట్టి పదకొండింటికి పోస్ట్ పెట్టేస్తున్నాం. నేనూ అంతే చేసేటోణ్ణి.

పోయిన ఏడాది తునికాకు మీద ఒక కథ రాసిన. మా అమ్మ అడవిలో చెట్టు కిందనే కూర్చొని కట్టలు కడుతున్నట్టు, పైన ఎండ, పక్కన నీళ్ల సీసా, మస్తుగ వర్ణించిన. ఫ్రెండ్స్ మెచ్చుకున్నారు. ఇంటికి పోయినప్పుడు అమ్మకు చదివి వినిపిస్తే నవ్వింది. "అడవిల కూసోని ఎవరు కడతరురా? పొద్దుగాల కోసుకొచ్చి ఇంట్ల నీడకు కూసోని కడతం. మాపటికి కల్లం కాడికి తీస్కపోతం" అన్నది. కట్టకు 50 ఆకులని నాకు తెలుసు, అదొక్కటే తెలుసు. ఆకు టైంలో సెలవులకు ఇంటికి వచ్చినా కల్లం దగ్గర ఆడుకోవడానికే పోయేటోణ్ణి మరి!

అక్కడితో ఆగితే ఒక తప్పు దిద్దుకున్నట్టే ఉండేది. ఆమె ఇంకా చెప్పుకుంటూ పోయింది. లెక్క దగ్గర కల్లేదారు వందకు నాలుగైదు కట్టలు కొసరు అడిగేవాడట. ఇవ్వనంటే ఆకు బాగలేదని పక్కకు నెట్టేవాడట. నా కథలో ఎండ ఉంది, చెమట ఉంది, ఈ కొసరు మాత్రం లేదు. అసలు కథ అదే కదా.

హైమండార్ఫ్ అనే ఆయన గురించి వినే ఉంటారు. 1940లలో ఆదిలాబాద్ వచ్చి, మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, 1948లో రాజ్‌గోండుల మీద పుస్తకం తెచ్చాడు. ఆయన రాసినవన్నీ మనం ఒప్పుకోవాలని లేదు. కానీ ఎక్కడి యూరప్ మనిషో వచ్చి ఊళ్లో కూర్చొని అడిగి రాసుకున్నాడు. ఆ ఊళ్లలో పుట్టిన మనం పండుగకు పోయి, రెండు ఫోటోలు దిగి బస్సెక్కుతున్నాం. బయటోళ్లు మన గురించి తప్పు రాశారని కోపం చేస్తాం, న్యాయమే. మన తప్పులు ఎవరు పట్టుకోవాలి?

కోచింగ్ ఉంది, హాస్టల్ ఉంది, టైం ఎక్కడిదంటారు. నిజమే, రాస్తే పైసలు కూడా రావు. నేను పొద్దున టిఫిన్ లైన్ కంటే ముందు అరగంట కూర్చుంటున్నా. పది లైన్లు రాస్తే ఆరు కొట్టేస్తున్నా. విన్న మాట విన్నట్టే నోట్‌బుక్‌లో పెడుతున్నా, తెలుగులోకి సాపు చేయకుండా.

ఇంకోటి, అడిగి రాయండి. కొసరు సంగతి రాస్తానంటే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "రాయి. ఊరి పేరు మాత్రం పెట్టకు. ఎండకాలం వస్తే మళ్ల ఆ కల్లానికే పోవాలె" అన్నది.

ఆ కథ ఇంకా నోట్‌బుక్‌లోనే ఉంది. ఊరి పేరు తీసేసి మూడోసారి రాస్తున్నా. ఈ ఆదివారం ఇంటికి పోయి మళ్లీ చదివి వినిపించాలి.