కౌలు పొలంలో ఉసిరి చెట్టు పెరిగేదెట్లా?

త్రిఫలా చూర్ణం సీసా లేని ఇల్లు మన పాఠకులలో అరుదు. రాత్రి నిద్రించబోయే ముందు ఒక చెంచా చూర్ణం గోరువెచ్చని నీటితో సేవించడం పెద్దల నాటి నుండి వచ్చిన అలవాటు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల గుణాలను మనం ఎన్నోమార్లు చదివి ఉన్నాము. అయితే ఆ కాయలు ఎక్కడి చెట్టువి, ఆ చెట్టును ఎవరు పెంచుతున్నారు అనే ప్రశ్న మనలో ఎందరికి కలిగినది?

కరక్కాయ, తానికాయలు అధికంగా నేటికీ అడవులలో ఏరి తెచ్చినవే. అడవి తరిగి, కొనేవారు పెరిగినకొద్దీ మందులో కల్తీ ప్రవేశిస్తుంది. స్త్రీల వ్యాధులకు వాడే అశోక పట్టనే చూడండి. అసలైన అశోకవృక్షం అరుదై పోయినందున, వీధుల పక్కన నిటారుగా పెరిగే నరమామిడి పట్టను అదే పేరుతో అమ్మడం జరుగుతున్నది. చెట్టు కరవైన చోట శుద్ధమైన ఔషధం దొరకదు.

దీనికి విరుగుడు పంటచేలలోనే ఉన్నది. పైరుతోపాటు చెట్లను కూడా పెంచే ఈ పద్ధతిని వ్యవసాయ అటవీ విధానమంటారు. ఇందుకోసం పొలమంతా చెట్లకు విడువనక్కరలేదు. గట్ల మీద వేప, కానుగ, తాని నాటవచ్చును. చేలో ఎడమెడంగా అంటు ఉసిరి పెట్టి, అవి చిన్నవిగా ఉన్నన్నాళ్లూ నడుమ మినుము, పెసర, వేరుశనగ పండించుకోవచ్చును. అంటు ఉసిరి మూడు, నాలుగు సంవత్సరాలలో కాపుకు వస్తుంది. ఒకే రకం కాక రెండు మూడు రకాలు కలిపి నాటితేనే కాయ బాగా నిలుస్తుంది. కానుగ ఆకు పచ్చిరొట్ట ఎరువు. వేపగింజల కషాయం పైరుపై పురుగుకు మందు. వేపచెట్టుకు పాకించిన తిప్పతీగ శ్రేష్ఠమని వైద్యుల మాట.

చెట్టు నీడకు పైరు కొంత దెబ్బతినడం, వేళ్లు తేమను పంచుకోవడం నిజమే. ఏటా కొమ్మలు నరికి నీడను అదుపు చేయవలసి ఉంటుంది. ఆ కొమ్మలు వంటచెరకుకు, ఆకు ఎరువుకు పనికివస్తాయి. ఇందులోని మేలును గుర్తించియే భారత ప్రభుత్వం 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానాన్ని ప్రకటించినది. అయినా చిన్న రైతులలో ఎక్కువమంది చెట్టు జోలికి పోవడం లేదు. వారికి అవగాహన లేదని కొందరు అంటారు. నేను అంగీకరించను. అడ్డంకి చాలాచోట్ల మన వంటి వారమే.

మనలో అనేకులకు స్వగ్రామంలో ఒకటి రెండు ఎకరాలు ఉన్నవి. వాటిని ఏటికేడు కౌలుకు ఇచ్చి పట్టణంలో కాపురముంటున్నాము. నాకు ఉన్న రెండెకరాలలో ఉసిరి నాటరాదా అని మా కౌలుదారును అడిగితే, ఆయన నవ్వి, “మొక్కకు నీళ్లు నేను పోస్తానండీ, కాయ కాసేనాటికి పొలం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పండి” అన్నాడు. నాకు బదులు తోచలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం క్రింద కూడ ఒప్పందం గడువు పదకొండు నెలలే. పంట రుణానికి అది ఉపకరించవచ్చును గాని, నాలుగేళ్లకు కాసే చెట్టుకు చాలదు.

కాగితం వ్రాసిస్తే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. ఆ భయం నాకూ ఉండినది. అందుచేత న్యాయవాదిని సంప్రదించి, భూమి హక్కు నాదిగాను, పది సంవత్సరాల సాగు ఆయనదిగాను వ్రాసుకొన్నాము. అంట్ల ఖర్చు నాది, కాపలా ఆయనది. తొలి నాలుగేళ్లు కౌలు తగ్గించినాను. కాపు వచ్చిన తరువాత కాయలో మూడు పాళ్లు ఆయనకు, ఒక పాలు నాకు. మొదటి వేసవిలో కొన్ని మొక్కలు ఎండిపోయినవి. తొలకరికి వాటి స్థానంలో ఆయనే మళ్లీ నాటినాడు. ఏడాది కౌలుపై ఉన్నవాడు ఆ పని చేసి ఉండేవాడా?

పొలం లేని పాఠకులు చేయదగినదీ ఉన్నది. నాటిన రైతుకు రెండవ బెంగ అమ్మకం. కార్తీకం మొదలు ఉసిరి వచ్చే రోజులలో ఒక వీధిలోని పది కుటుంబాలు కలిసి, తెలిసిన రైతు వద్దనే ఏటా కాయ కొంటామని ముందుగా మాట ఇవ్వవచ్చును. ఇంట ఎండబెట్టి పొడి చేసుకొన్న ఉసిరికి కల్తీ భయం కూడ ఉండదు.

మందు శుద్ధంగా ఉండవలెనని కోరుకొనే మనం, ఆ మందు కాచే చెట్టుకు నిలువ నీడ ఇవ్వకపోతే ఆ కోరికకు అర్థమేమున్నది? పొలం ఉన్నవారు వచ్చే తొలకరికి ముందే ఒకసారి ఊరికి వెళ్లి, కౌలుదారుతో కూర్చుని మాట్లాడవలెనని నా మనవి.